ఇంటి వీడియోల కూర్పు

ఇంట్లోవాళ్లు తీసుకున్న వీడియోల్లోంచి పనికొచ్చే ముక్కలు ఏరి, వరసలో పెట్టి, మాట వినపడేలా సరిచేసి, పదిమందీ కూర్చుని చూడదగ్గ చిన్న చిత్రంగా తయారుచేయడమే ఇంటి వీడియోల కూర్పు. వాడుకలో దీనికి ఎడిటింగ్ అన్న మాటే స్థిరపడింది. తెలుగు సినిమా టైటిళ్లలో ‘కూర్పు’ అన్న మాట ఎన్నో ఏళ్లుగా కనబడుతూ వచ్చింది. పెళ్లి వీడియోల స్టూడియోల్లో ఇదే పనిని ‘మిక్సింగ్’ అంటారు. డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ, సొంత ఇంటివాళ్ల కోసం, తీరిక వేళల్లో చేసుకునే కూర్పు గురించే ఈ వ్యాసం.

ఈ పని విలువ చాలా మామూలు సంగతిలోంచి పుడుతుంది. తీసిన వీడియోను తీసినట్టే ఉంచితే ఎవరూ చూడరు. నలభై నిమిషాల బారసాల వీడియోను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే మొదటి నిమిషం దాటి చూసేవాళ్లు తక్కువ. అదే బారసాల ఐదు నిమిషాల చిత్రంగా వస్తే తాతగారు రోజుకోసారి పెట్టించుకుని చూస్తారు, పదేళ్ల తరువాత ఆ బిడ్డ కూడా చూస్తుంది. ఫోన్లో వందల కొద్దీ వీడియోలు పోగుపడిన ఈ కాలంలో కుటుంబాల దగ్గర లేనిది కెమెరా కాదు, కూర్చుని ఏరే మనిషి. ఇంటికి ఒక్కరు ఆ పని నేర్చుకున్నా రెండు తరాలకు మేలు జరుగుతుంది.

పుట్టుక, పెరుగుదల

ఇంటి చిత్రం సినిమా అంత పాతది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి చూపిన పది చిత్రాల్లో ఒకటి అచ్చంగా ఇంటి చిత్రమే. సోదరుల్లో ఒకరైన ఆగస్ట్ లూమియేర్ భార్యతో పాటు బల్ల ముందు కూర్చుని పసికూతురికి తినిపిస్తుంటాడు. నిమిషం కూడా లేని ఆ చిత్రంలో కోత అన్నదే లేదు. కెమెరా పెట్టిన చోటే ఉంది, ఫిల్ము అయిపోగానే చిత్రమూ అయిపోయింది. ఆనాటి ప్రేక్షకుల్లో కొందరు పాపను కాక వెనక గాలికి కదిలే ఆకులను చూసి ఆశ్చర్యపోయారట. ఇంటి వీడియోల్లో తరువాతి తరాల కళ్లు పడేది కూడా అలాంటి వాటి మీదే. గోడకు వేలాడే క్యాలెండరు, అరుగు మీది ఇత్తడి చెంబు, వంటింట్లోంచి పిలిచే గొంతు ఎవరూ తీయాలనుకుని తీసినవి కావు. కూర్పు చేసేవాళ్లు తొందరపడి వాటిని కోసేయకూడదు.

ఇళ్లలో వాడుకోవడానికి వీలైన సన్న ఫిల్ములు 1920లలో వచ్చాయి. ఫ్రాన్సులో పాథే సంస్థ 1922లో 9.5 మి.మీ. ఫిల్మును, అమెరికాలో కొడాక్ 1923లో 16 మి.మీ. ఫిల్మును, 1932లో ఇంకా చవకైన 8 మి.మీ. ఫిల్మును తెచ్చాయి. 1926లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ చొరవతో న్యూయార్కు కేంద్రంగా ఔత్సాహిక సినిమా లీగ్ ఏర్పడి, తన పత్రిక ద్వారా సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్లకు కూర్పు పాఠాలు చెప్పింది. 1965లో వచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్ము ఉండేది. సెకనుకు 18 ఫ్రేముల వేగంతో తీస్తే అది 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోతుంది. అంత కొద్ది ఫిల్ము కాబట్టి తీసేటప్పుడే సగం కూర్పు మనసులో జరిగిపోయేది. మిగతా సగం బల్ల మీద జరిగేది. ఫిల్మును చిన్న తెర ఉన్న వ్యూయర్‌లో చేత్తో తిప్పి చూసుకుని, వద్దనుకున్న చోట కత్తిరించి, రెండు కొసలను స్ప్లైసర్‌లో ఎదురెదురుగా బిగించి, జిగురుతోనో టేపుతోనో అతికేవారు. కోసిన ముక్కలను పారేయకుండా చీటీలు అంటించి దారానికి వేలాడదీసుకునేవారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో కత్తెర, బ్లేడు బొమ్మలు ఆ బల్ల నుంచి వచ్చినవే.

లిథువేనియా నుంచి వలస వెళ్లి న్యూయార్కులో స్థిరపడ్డ జోనాస్ మెకాస్ 16 మి.మీ. బోలెక్స్ కెమెరాతో స్నేహితులను, పెళ్లిళ్లను, పార్కులో మంచును ఏళ్ల తరబడి తీసి, వాటిని ‘వాల్డెన్’ (1969) వంటి దినచర్య చిత్రాలుగా కూర్చాడు. ఇంటి చిత్రం కళగా నిలబడగలదని గట్టిగా చూపినవాళ్లలో అతను ముందుంటాడు.

వీడియో టేపు వచ్చాక పని కొంతకాలం కష్టమైంది. ఆంపెక్స్ సంస్థ 1956లో తెచ్చిన తొలి వీడియో రికార్డర్లు టీవీ కేంద్రాలవి. ఇళ్లకు సోనీ బీటామాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్‌ఎస్ 1976లో చేరాయి. భుజాన పెట్టుకునే క్యామ్‌కార్డర్లు 1983 నుంచి వచ్చాయి. ఫిల్ములాగా టేపును కోసి అతకడం ఇంట్లో సాధ్యం కాదు. రెండు వీసీఆర్‌లను తీగతో కలిపి, ఒకదానిలో తీసిన టేపును ఆడిస్తూ, రెండోదానిలో రికార్డు మీట, పాజ్ మీట సమయానికి నొక్కాలి. మూడో నిమిషంలో తప్పు దొర్లితే అక్కడినుంచి అంతా మళ్లీ చేసుకోవాలి. పైగా ఒక్కో నకలుకూ బొమ్మ మసకబారేది.

ఆ ఇబ్బందిని కంప్యూటరు తీర్చింది. 1989లో ఎవిడ్, 1991లో అడోబీ ప్రీమియర్ అనే కూర్పు సాఫ్ట్‌వేర్లు వచ్చినా అవి మొదట్లో వృత్తివాళ్లకే అందాయి. 1995లో డీవీ టేపు, దానితో పాటు ఫైర్‌వైర్ తీగ వచ్చాక క్యామ్‌కార్డరులోని బొమ్మ ఏమాత్రం చెడకుండా కంప్యూటరులోకి ఎక్కడం మొదలైంది. గంట టేపుకు సుమారు 13 గిగాబైట్లు పట్టేది. ఆపిల్ 1999లో ఐమూవీని, మైక్రోసాఫ్ట్ 2000లో మూవీ మేకర్‌ను కంప్యూటరుతో పాటే ఇవ్వడంతో కూర్పు ఇంటి పని అయింది. అమెరికాలో జొనాథన్ కావెట్ చిన్నప్పటి నుంచి తీసుకున్న ఇంటి వీడియోలను, ఫోటోలను ఐమూవీలోనే కూర్చి ‘టార్నేషన్’ (2003) తీశాడు. దాని తయారీకి 218 డాలర్లు అయిందని చెప్పుకున్నారు. సినిమాహాళ్లలో విడుదల చేసేటప్పుడు అందులోని పాటల, సినిమా ముక్కల హక్కులకు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చింది.

తెలుగు ఇళ్లలో

భారతదేశంలో 1982లో కలర్ ప్రసారాలు మొదలయ్యాక వీసీఆర్‌లు ఊళ్లలోకి వచ్చాయి. ఆ దశాబ్దం చివరికి పెళ్లి పనుల పట్టికలో బాజాభజంత్రీల పక్కన వీడియో కూడా చేరింది. భుజాన పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు, వెనక తీగ మోసే మరో కుర్రాడు కలిసి తీసిన టేపులు పట్నంలోని మిక్సింగ్ సెంటరుకు వెళ్లేవి. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా మూడు గంటల క్యాసెట్‌గా తిరిగి వచ్చేవి. తామరపువ్వు విచ్చుకుని అందులోంచి వధూవరులు రావడం, ఒక్కో ఘట్టానికి తగ్గ సినిమా పాట పడటం ఆ కూర్పు తీరు. ఆ స్టూడియోల్లో పనిచేసిన యువకులే చాలా ఊళ్లలో ఎడిటింగ్ నేర్పిన తొలి గురువులు. కెనోపస్ సంస్థ రూపొందించిన ఎడియస్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ పెళ్లి స్టూడియోల్లో గట్టిగా నిలిచి ఉంది.

అమెరికా వెళ్లిన పిల్లలకు, ఇక్కడున్న తల్లిదండ్రులకు మధ్య క్యాసెట్లు అటూ ఇటూ ప్రయాణం చేసిన రోజులవి. భారతదేశంలో పాల్ పద్ధతి, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతి కావడంతో అక్కడి మనుమడి పుట్టినరోజు క్యాసెట్ ఇక్కడి మామూలు వీసీఆర్‌లో ఆడేది కాదు. మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉన్న ఇంటికి పోయి చూడాల్సి వచ్చేది. ఆ క్యాసెట్లను ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కించేవాళ్లు కూడా ఈ తేడాను గమనించుకోవాలి. పాల్ సెకనుకు 25 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ సుమారు 30.

యూట్యూబు వచ్చాక ఇంటి స్థాయి కూర్పుకు ఊరంత ప్రేక్షకులు దొరికారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో ఊళ్లోవాళ్లతోనే వీడియోలు తీసి, గంగవ్వ వంటి మనిషిని తెలుగువాళ్లందరికీ పరిచయం చేసింది. అయితే ఇంటి కూర్పుకు ఇది గమ్యం కానక్కరలేదు. పన్నెండుమంది చూడాల్సిన చిత్రం ఆ పన్నెండుమందికి నచ్చితే చాలు.

కావలసిన సరంజామా

మొదలుపెట్టడానికి ఫోను చాలు. ఫోన్లో ఇన్‌షాట్, కైన్‌మాస్టర్, వీఎన్ వంటి యాప్‌లతో ఐదు నిమిషాల చిత్రం చేసుకోవచ్చు. పని పెరిగితే కంప్యూటరు సుఖం, ఎందుకంటే పెద్ద తెర మీద ముక్కలను వరసగా పరిచే టైమ్‌లైన్ మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. ఖర్చు లేకుండా దొరికేవాటిలో డావించీ రిజాల్వ్ చాలా శక్తి ఉన్నది, అంతే బరువైనది. పాత కంప్యూటర్లకు షాట్‌కట్, కేడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ తేలిక. ఆపిల్ వాడేవాళ్లకు ఐమూవీ ఎలాగూ ఉంటుంది. కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎంపికలో నెలలు గడపడం వృథా. ఏదో ఒకటి పట్టుకుని మూడు చిత్రాలు పూర్తి చేస్తే మిగతావి వారంలో వస్తాయి.

కంప్యూటరులో 16 గిగాబైట్ల మెమరీ ఉంటే హాయిగా పని జరుగుతుంది, 8 ఉంటే ఓర్పు కావాలి. 4కె వీడియో నిమిషానికి ఫోను అమరికను బట్టి 170 నుంచి 400 మెగాబైట్ల దాకా పడుతుంది కాబట్టి వేరే హార్డ్ డిస్క్ కొనుక్కోక తప్పదు. కంప్యూటరు ఈడ్చుకుంటూ ఆడితే ‘ప్రాక్సీ’లు చేసుకోవాలి. అంటే సాఫ్ట్‌వేర్ చేతనే ఒక్కో క్లిప్‌కు తేలికపాటి నకలు చేయించి, కూర్పు వాటిమీద సాగించి, చివర్లో అసలు వీడియోతో బయటికి తీయడం. అన్నిటికన్నా ముందు కొనాల్సింది మాత్రం చెవులకు పెట్టుకునే మంచి హెడ్‌ఫోన్లు. ఫోను స్పీకరులో వినబడని గాలిహోరు, ఫ్యాను రొద వాటిలో తెలుస్తాయి.

కూర్పుకు అడ్డుపడే చిక్కులు కొన్ని తీసేటప్పుడే పుడతాయి. భారతదేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. సెకనుకు 30 ఫ్రేములకు పెట్టి ఉన్న ఫోన్లలో ఆ మినుకు చారలుగా పడుతుంది. షట్టరును యాభయ్యో వంతుకో నూరో వంతుకో మార్చుకునే వీలున్న కెమెరా యాప్ వాడితే ఆ చారలు పోతాయి. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని తమంతట తామే మార్చుకోవడం వల్ల పొడుగాటి క్లిప్పుల్లో మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనంతో వాటిని ముందే స్థిరవేగానికి మార్చుకోవాలి. ఇక చుట్టాల దగ్గరి నుంచి వాట్సాప్‌లో మామూలుగా వచ్చే వీడియో కుదించుకుపోయి వస్తుంది. దాన్ని ‘డాక్యుమెంట్’గా పంపమని అడిగితే తీసినది తీసినట్టు వస్తుంది. చెల్లి పెళ్లి చిత్రం బాగుండాలంటే ఈ ఒక్క మాట పదిమందికి ఫోను చేసి చెప్పడం దండగ కాదు.

ఏరడం

పని మొత్తంలో బరువైన భాగం ఇదే. వీడియోలన్నీ ఒక్క ఫోల్డరులో తేదీల వారీగా పేర్లు పెట్టి చేర్చాలి. తరువాత మొదటినుంచి చివరిదాకా, దాటవేయకుండా, ఒకసారి చూడాలి. మొదటిసారి చూసినప్పుడు నవ్వు తెప్పించినది, కళ్లు చెమ్మగిల్లజేసినది ఎక్కడుందో నిమిషం, సెకనుతో సహా కాగితం మీద రాసుకోవాలి. పదిసార్లు చూశాక ఆ మొదటి స్పందన తిరిగి రాదు, కాగితం మీద ఉంటేనే ఉంటుంది. ఆ పట్టికలోని ముక్కలను మాత్రమే టైమ్‌లైన్ మీద పరిస్తే ముడి కూర్పు తయారవుతుంది. అది అనుకున్న నిడివికి రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. వద్దన్నవి తీసేస్తూ పోవడమే అక్కడినుంచి పని.

కోత

రెండు దృశ్యాలు పక్కపక్కన పడితే మూడో అర్థం పుడుతుందని చెప్పే ప్రయోగం రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ పేరు మీద ప్రసిద్ధం. భావం మారని ఒకే నటుడి ముఖం పక్కన సూప్ గిన్నె, శవపేటిక, ఒక యువతి బొమ్మలు వేర్వేరుగా పెడితే, చూసేవాళ్లకు ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనబడ్డాయంటారు. ఇంటి కూర్పులో దీన్ని రోజూ చూడవచ్చు. అప్పగింతల్లో పెళ్లికూతురు ముఖం తరువాత తండ్రి చేతులు చూపితే ఒక అర్థం, కారు చక్రం చూపితే మరో అర్థం.

‘ది ఇంగ్లిష్ పేషెంట్’ చిత్రాన్ని కంప్యూటరు మీద కూర్చి ఆస్కార్ అందుకున్న వాల్టర్ మర్చ్, కోత ఎక్కడ పడాలో నిర్ణయించే ఆరు అంశాలకు తన పుస్తకంలో మార్కులు వేశాడు. అందులో భావోద్వేగానికి 51, కథకు 23, లయకు 10. చూపు కదలిక, తెరమీది అమరిక, స్థలంలో పొందిక అనే మిగతా మూడూ కలిపి 16 మాత్రమే. ఈ లెక్క ఇంటి కూర్పుకు అతికినట్టు సరిపోతుంది. బొమ్మ కాస్త వణికినా బామ్మ నవ్వు బాగుంటే ఆ ముక్కే ఉంచాలి. తెలుగువాళ్లలో ఆదుర్తి సుబ్బారావు ఎడిటరుగా పనిచేసి దర్శకుడైనవాడు. తండ్రి అక్కినేని సంజీవి దగ్గర పని నేర్చిన ఎ. శ్రీకర్ ప్రసాద్ ‘రాఖ్’ (1989)తో మొదలుపెట్టి ఎన్నో జాతీయ పురస్కారాలు అందుకున్నాడు. ‘జెర్సీ’ కూర్పుకు నవీన్ నూలి జాతీయ పురస్కారం పొందాడు. వీళ్ల సినిమాల్లో ఒక దృశ్యాన్ని శబ్దం తీసేసి చూస్తూ, కోత పడ్డప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టడం మంచి సాధన.

కోత కంటికి తగలకుండా ఉండాలంటే కదలిక మధ్యలో కోయాలి. మనిషి కుర్చీలోంచి లేస్తుండగా దూరపు షాటులో మొదలై దగ్గరి షాటులో ముగిస్తే చూసేవాళ్లు గమనించరు. ఒకే క్లిప్ మధ్యలో ముక్క తీసేస్తే మనిషి ఎగిరినట్టు కనబడుతుంది. ఆ చోట చేతులో, దేవుడి పటమో, వింటున్న పిల్లవాడి ముఖమో రెండు సెకన్లు పెడితే అతుకు తెలియదు. అందుకే తీసేటప్పుడు అలాంటి చిన్న షాట్లు నాలుగైదు, ఒక్కొక్కటి కనీసం పది సెకన్లు కదలకుండా తీసి పెట్టుకోవాలి.

ఆవకాయ పెట్టే రోజున అమ్మమ్మను మనుమరాలు ఫోనుతో 47 నిమిషాలు తీసిందనుకుంటే, దాన్ని ఆరు నిమిషాలకు తేవడం ఎలాగో చూడవచ్చు. తెర ఇంకా నల్లగా ఉండగానే కత్తి కింద మామిడికాయ ‘టక్’మని తెగిన చప్పుడు రావాలి, బొమ్మ ఆ తరువాత. ముక్కలను గుడ్డతో తుడవడం తొమ్మిది నిమిషాలుంది. అందులో పన్నెండు సెకన్లు చాలు. అమ్మమ్మ ఉప్పు, కారం, ఆవపిండి కొలతలు చెప్పే మాట మాత్రం ఒక్క అక్షరం పోకూడదు, అది రేపటికి వంట పుస్తకం. ఆ మాట కింద సాగుతుండగా బొమ్మలో ఆమె ముఖం బదులు గిద్ద నిండుతున్న కారం, ముక్కలు కలిపే వేళ్లు, పైనుంచి ధారగా పడే నువ్వులనూనె చూపాలి. మధ్యలో పక్కింటావిడ గోడ మీదనుంచి ‘ఏం పిన్నిగారూ, ఈ ఏడు కాయ పులుపుందా?’ అని అడుగుతుంది. అది వీడియోకు అడ్డు అనుకుని తీసేయబుద్ధవుతుంది గానీ, ఆ వీధి అంతా ఆ ఒక్క మాటలో ఉంది, ఉంచాలి. చివర జాడీకి వాసెన కడుతున్న చేతులు, ఆ వెంటనే అదే జాడీ, అదే కోణం, వాసెన విప్పుతున్న చేతులు. మూడు రోజులు ఒక్క కోతలో గడిచిపోతాయి. తిరగకలిపిన ఆవకాయతో వేడన్నం మొదటి ముద్ద మనుమరాలి నోట్లో పెడుతున్న అమ్మమ్మ ముఖాన్ని ఏడెనిమిది సెకన్లు కోత లేకుండా వదిలేయాలి. అక్కడ ఎడిటరు చేయాల్సింది ఏమీ లేదు.

ఇంత పనిలో వాడినవి మామూలు కోతలే. సాఫ్ట్‌వేర్‌లో ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు మారడానికి వందల కొద్దీ ట్రాన్సిషన్లు ఉంటాయి. కాలం గడిచిందని చెప్పడానికి ఒక డిజాల్వ్, మొదలుకూ చివరకూ ఒక ఫేడ్ మించి వాడని చిత్రమే పదేళ్ల తరువాత కూడా పాతబడకుండా ఉంటుంది.

శబ్దం

ఇంటి వీడియోల్లో జరిగే పెద్ద పొరపాటు మనుషుల మాటలు తీసేసి సినిమా పాట పరచడం. పాట ఎక్కడైనా దొరుకుతుంది. తాతగారి గొంతు ఆ క్లిప్పులో తప్ప ఇంకెక్కడా లేదు. సంగీతం కావాలనుకుంటే మాటల్లేని చోట పెంచి, మాట రాగానే బాగా తగ్గించాలి. మాటల శబ్దం −12 నుంచి −6 డెసిబెల్స్ మధ్య ఆడుతుంటే చాలు, సున్నా దాటితే చిట్లుతుంది. తరువాతి దృశ్యం శబ్దం బొమ్మకన్నా ముందే రావడాన్ని జే కట్ అని, ముందరి దృశ్యం మాట తరువాతి బొమ్మ మీద సాగడాన్ని ఎల్ కట్ అని అంటారు. ఆవకాయ చిత్రంలో కత్తి చప్పుడు, కొలతల మాట ఈ రెండిటికీ నమూనాలు. పని చేసే ప్రతి చోటా మనుషులు మాట్లాడకుండా ఉన్నప్పటి శబ్దం అర నిమిషం రికార్డు చేసి పెట్టుకుంటే, కోతల మధ్య ఏర్పడే వెలితిని దానితో పూడ్చవచ్చు.

పెళ్లిని నలుగురు నాలుగు ఫోన్లలో తీసినప్పుడు వాటిని ఒక్క టైమ్‌లైన్ మీద కలపడానికి శబ్దమే ఆధారం. సినిమావాళ్లు క్లాప్ కొడతారు. తెలుగు పెళ్లిలో ఆ పని మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం చేస్తుంది. మేళం ఒక్కసారిగా ఎత్తుకున్న క్షణం నాలుగు క్లిప్పుల శబ్ద రేఖల్లోనూ నిటారు గోడలా కనబడుతుంది. ఆ నాలుగు గోడలనూ ఒకదాని కింద ఒకటి చేర్చితే నాలుగు ఫోన్లూ కలిసిపోతాయి. ఆ తరువాత ఎవరి కోణం బాగుంటే అది ఎంచుకోవచ్చు.

రంగు, అక్షరం

రంగుల పని ఇంటి చిత్రానికి ఎక్కువ అక్కరలేదు. ట్యూబ్‌లైటు కింద తీసినవి పచ్చగా, బల్బు కింద తీసినవి నారింజగా ఉంటే వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ముఖాలు ఒక్క తీరుగా కనబడేలా వెలుతురు కలిపితే చాలు.

తెలుగు అక్షరాలతో మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగు లిపిని సరిగా పేర్చలేని సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి, ‘లక్ష్మి’ చదవరాకుండా తయారవుతుంది. మిక్సింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడటానికి కారణం ఇదే. వాటిలో కొట్టిన మాట యూనికోడ్ కాదు కాబట్టి వేరేచోట అతికితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఇప్పుడు రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రీమియర్‌లోనైతే సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఎంతకూ లొంగకపోతే పేర్లను బొమ్మగా తయారుచేసి అతికించడం నమ్మకమైన దారి. చిత్రం చివర తేదీ, ఊరు, కనబడిన మనుషుల పేర్లు, వరసలు రాయడం మరవకూడదు. ముప్పై ఏళ్ల తరువాత చూసేవాళ్లకు ‘పెద్దత్తయ్య’ ఎవరి పెద్దత్తయ్యో తెలియదు.

హక్కులు, మర్యాదలు

పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వినిపించడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా లెక్కించదు. ఆ వెసులుబాటు వేడుకకే గానీ, ఆ పాటను చిత్రానికి అతికించి యూట్యూబులో పెట్టడానికి కాదు. యూట్యూబు 2007 నుంచి వాడుతున్న కంటెంట్ ఐడీ పద్ధతి పాటను గుర్తుపట్టి, హక్కుదారు కోరిక ప్రకారం వీడియోను ఆపడమో, దానిమీది రాబడిని వాళ్లకు మళ్లించడమో చేస్తుంది. యూట్యూబు ఆడియో లైబ్రరీలోని ఉచిత సంగీతం వాడుకోవచ్చు. ఇంట్లో పాడేవాళ్లుంటే మంగళహారతి వాళ్ల చేతనే పాడించి రికార్డు చేసుకోవడం అంతకన్నా మంచిది.

ఇంటి చిత్రాన్ని బయటపెట్టే ముందు అందులో ఉన్నవాళ్ల అనుమతి అడగాలి. పసిపిల్లల స్నానాలు, జబ్బు మనిషి మంచం, చావు ఇల్లు కుటుంబం కోసం కూర్చుకోవచ్చు, ఊరి కోసం కాదు. ఎవరినైనా చిన్నబుచ్చే క్షణం ఎంత నవ్వు తెప్పించినా కోసేయడమే ధర్మం.

పాత టేపులు, దాచుకోవడం

పూర్తయిన చిత్రాన్ని హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలుగా తీస్తే దాదాపు అన్ని పరికరాల్లోనూ ఆడుతుంది. అసలు క్లిప్పులను కూడా పారేయకూడదు. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం మూడు నకళ్లు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఆ బయటి నకలు క్లౌడ్‌లో పెట్టవచ్చు, లేదా వేరే ఊళ్లో ఉన్న అన్నయ్య ఇంట్లో డిస్కు మీద పెట్టవచ్చు.

క్యాసెట్ల సంగతి ఇంత తీరిగ్గా ఆలోచించేది కాదు. అయస్కాంత టేపు కాలం గడిచేకొద్దీ బలహీనపడుతుంది, తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో బూజు పడుతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్ము, ధ్వని భాండాగారం 2015లోనే, 2025 నాటికి డిజిటల్‌లోకి మార్చని టేపులు చాలామటుకు పోయినట్టేనని హెచ్చరించింది. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి సంస్థగా పేరున్న జపాను ఫునాయ్ 2016 జులైలో ఆ తయారీ ఆపేసింది. అంటే టేపు బాగున్నా ఆడించే యంత్రం రోజురోజుకూ అరుదవుతోంది. ఆడే వీసీఆర్ దొరికితే టేపును ఒకసారి ఆ కొసదాకా, ఈ కొసదాకా తిప్పి, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. కదలికల అంచున దువ్వెన పళ్లలా గీతలు కనబడితే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ చేస్తే పోతాయి. తెల్లటి పొడిలా బూజు కనబడ్డ టేపును యంత్రంలో పెట్టకూడదు, తెలిసినవాళ్లకే ఇవ్వాలి. బీరువాలో పెళ్లి క్యాసెట్లు ఉన్న ఇంట్లో కూర్పు నేర్చుకోవాలనుకునేవాళ్లు కొత్త వీడియోలు ఇంకో నెల ఆపి, ముందు ఆ క్యాసెట్లు బయటికి తీయాలి.